ఐదవ పాఠం జవాబుపత్రమును రద్దు చేయుట గురించి

రేగుమానుపాడు,
ముసునూరు మండలం, కృష్ణా జిల్లా.
తేది 11-8-1987.

పోస్టు ద్వారా ఆరోగ్య కార్యకర్తల శిక్షణా విభాగం ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,

రేగుమానుపాడు ఉపకేంద్రంలో ఎ.ఎన్.ఎం.గా పనిచేయుచున్న కె. కాత్యాయని వ్రాసుకొనిన అర్జీ.

అయ్యా,

విషయం: నాకు ప్రథమ స్థానం తెచ్చిన ఐదవ పాఠం జవాబుపత్రమును అచ్చు వేయకుండ నిలుపుదల చేయుట, ప్రశంసాపత్రమును రద్దుపరచుట, లెక్కలో లేని ఒక మరణమును లెక్కలో చేర్చుట గురించి.

సూచిక: తమ కార్యాలయం నుండి నాకు అందిన అభినందన లేఖ, తేది 20-7-1987.

1. నేను పదహారు సంవత్సరములుగా ఈ శాఖలో సేవ చేయుచున్నాను. అందులో తొమ్మిది సంవత్సరములు రేగుమానుపాడులోనే గడిచినవి. ఉపకేంద్రమనగా పంచాయతీ వారు ఇప్పించిన ఒక పెంకుటింటి ముందు గది. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, మందులు దాచే ఇనుప బీరువా ఉన్నవి. నా పరిధిలో నాలుగు ఊళ్ళు, వాటి నడుమ మామిడితోటలు. తోటల్లో కాపలా ఉండే కుటుంబాలు ఏ ఊరి లెక్కలోకీ సరిగా రావు. పిందె కట్టినప్పుడు తోటలో పాక వేసుకొని దిగుతారు, కాయ కోత అయిన తరువాత పాక పీకి ఊళ్ళోకి వస్తారు. ఆ నాలుగు నెలలూ వారిని వెదుక్కుంటూ నేనే తోటలు తిరగవలెను. ఇది కష్టమని చెప్పుట లేదు. తరువాత వ్రాయబోవునది అర్థమగుటకు మాత్రమే మనవి చేసినాను.

2. గత నవంబరులో తమ విభాగం వారు నన్ను పోస్టు శిక్షణలో చేర్చుకొన్నారు. మొత్తం పన్నెండు పాఠములు. ఒక్కొక్కటి ఖాకీ కవరులో వచ్చును. పాఠము చదివి, చివరనున్న ప్రశ్నలకు జవాబులు వ్రాసి పదిహేను దినములలో తిప్పి పంపవలెను. మొదటి నాలుగు పాఠములకు నేను గడువుకు ముందే పంపినాను. నాకు చదువంటే ఇష్టము.

ఐదవ పాఠము మార్చి 19న చేరినది. కాన్పు తరువాత రక్తస్రావము గురించి అని కవరుపై టైపు చేసి ఉన్నది. అది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లక్ష్యము పూర్తి చేయవలసిన నెల. నాకింకా పదకొండు కేసులు తక్కువ. కవరు బల్లమీద పెట్టినాను. విప్పలేదు. మార్చి అయిపోయినది. అప్పటికీ విప్పలేదు. తీరిక లేదని వ్రాయవచ్చును. కాని ఆ రోజులలోనే నేను రెండు పెళ్ళిళ్ళకు వెళ్ళినాను, నూజివీడులో ఒక సినిమా చూచినాను. అందుచేత తీరిక లేదని వ్రాయుట లేదు.

3. మంగమ్మ అనే ఆమె వయస్సు ఇరువది నాలుగు. భర్త సాంబయ్య. ఇద్దరూ మా ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఒక బంగినపల్లి తోటకు కాపలా ఉన్నారు. వారికి మొదట ఇద్దరు ఆడపిల్లలు పుట్టి పోయినారు. ఇది మూడవ కాన్పు. సాంబయ్య తల్లి రమణమ్మ కూడ వారితోనే పాకలో ఉన్నది.

మంగమ్మకు రక్తం తక్కువ. ఐరన్ మాత్రలు ఇచ్చినాను. వేసుకున్నావా అని అడిగితే వేసుకున్నానంటుంది, తరువాత పాక వెనుక ఆ మాత్రలే నాకు దొరుకుతాయి. తిట్టినాను. నవ్వినది. నవ్వితే చేతితో నోరు మూసుకొనే అలవాటు ఆమెకు.

మార్చి 26న ధనుర్వాతం ఇంజక్షన్ కోసం ఉపకేంద్రానికి నడిచి వచ్చినది. ఎండకు ఆయాసపడి, కుర్చీలో కూర్చుని, బల్లమీదనున్న కవరు తీసి విసురుకొన్నది.

"ఇదేంటండీ నర్సమ్మగారూ, ఇంత మందంగా ఉంది?"

"పాఠం. పోస్టులో వస్తుంది. చదివి పరీక్ష రాయాలి."

"మీకింకా పరీక్షలేంటండీ, ఇంతమందికి పురుళ్ళు పోశాక!" అని నోరు మూసుకొని నవ్వినది. తరువాత కవరు అటూ ఇటూ తిప్పి చూచి, "విప్పనే లేదుగా?" అన్నది.

"చదువుతాలే" అన్నాను.

అయ్యా, ఇక్కడి నుండి నేను మామూలు భాషలో వ్రాస్తాను. దరఖాస్తు భాషలో వ్రాయాలని రెండు రోజులు ప్రయత్నించాను. "సదరు మంగమ్మ" అని వ్రాసినప్పుడల్లా కాగితం చించవలసి వచ్చింది. క్షమించాలి.

4. ఏప్రిల్ 22, బుధవారం. పన్నెండు గంటలకు సాంబయ్య సైకిలు మీద వచ్చాడు.

"నొప్పులొస్తన్నాయండీ. రాలిన కాయలేరతా ఏరతా కూలబడిపోయింది."

సంచి తీసుకుని సైకిలు వెనక కూర్చున్నాను. మేము వెళ్ళేసరికి రమణమ్మ నీళ్ళు కాచి పెట్టింది, పాత చీరలు ఉతికి ఆరేసి పెట్టింది. శుభ్రంగానే ఉంది. కాన్పు కష్టం కాలేదు. ఒంటిగంటా నలభై నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది. రెండు గంటలకు మాయ పడింది. తిప్పి చూశాను, ముక్క మిగలకుండా వచ్చింది. ఆడపిల్లని రమణమ్మ ఏమైనా అంటుందేమోనని చూశాను. "ఇదన్నా నిలిస్తే చాలు" అంది.

మంగమ్మ మంచినీళ్ళడిగింది. ఇచ్చాను. ఇంకా అడిగింది. ఇచ్చాను. బిడ్డను తుడిచి రమణమ్మ చేతికిచ్చి వెనక్కి తిరిగేసరికి కింద వేసిన చీర తడిసి ఉంది. మార్చాను. అది కూడా తడిసింది. ధారగా కాదు. ఊట లాగా. ఆగకుండా వస్తూనే ఉంది. పొట్టమీద చెయ్యి వేస్తే గర్భసంచి గట్టిగా తగలాలి. మెత్తగా తగిలింది.

నాకు పదహారేళ్ళ క్రితం నేర్పింది నేను చేశాను. పొట్ట రుద్దాను. నులక మంచం కాళ్ళ వైపు రెండేసి ఇటుకలు పెట్టించి ఎత్తు చేశాను. గుడ్డ కట్టాను. సాంబయ్యను బండికి పంపాను. పక్క తోటలో కాయ ఎగుమతి చేసే లారీ ఉంది. సగం గంపలు ఎక్కించారు. దాని డ్రైవరు సవరయ్య. సాంబయ్య వెళ్ళి చెప్పగానే అతను ఇంకేమీ అడగలేదట. ఎక్కించిన గంపలు దింపించి, గడ్డి పరిపించి, తోటల మధ్య దారిలో లారీ పట్టేలాగా రెండు చోట్ల కంచె పీకించి తీసుకొచ్చాడు. అయినా గంట పట్టింది. అతని తప్పు లేదు.

ఆ గంటసేపూ నేను పొట్ట రుద్దుతూనే ఉన్నాను. గట్టిపడినట్టే ఉండేది, మళ్ళీ మెత్తబడేది.

"కాళ్ళకి చల్లగా ఉందండీ" అంది మంగమ్మ.

ఏప్రిల్ నెల. పాకలో మేమందరం చెమటలు కారుతున్నాం. దుప్పటి కప్పాను.

"పిల్ల ఎవరి పోలికండీ?"

"నీ పోలికే" అన్నాను. నిజానికి నేనింకా సరిగా చూడలేదు.

5. మూడు గంటలకు లారీ కదిలింది. గడ్డిమీద మంగమ్మ, తలవైపు నేను, కాళ్ళవైపు సాంబయ్య. బిడ్డతో రమణమ్మ ముందు డ్రైవరు పక్కన కూర్చుంది. నేను మంగమ్మ మణికట్టు పట్టుకొని నాడి చూస్తున్నాను. ముసునూరు దాటిన తరువాత నాడి దొరకలేదు. మెడ దగ్గర చూశాను. అక్కడా లేదు.

నేను చెప్పలేదు.

కొంతసేపటికి సాంబయ్య అడిగాడు. "పడుకుందాండీ?"

"పడుకుంది" అన్నాను.

నూజివీడులో ఆసుపత్రి గేటు దాకా మణికట్టు వదలలేదు. డాక్టరు గారు లారీలోకి ఎక్కి చూసి దిగిపోయారు. ఆయన నావైపు చూశారు. అప్పుడు సాంబయ్య కూడా నావైపు చూశాడు.

6. ఈ మరణం ఎక్కడా లేదు. తెచ్చేసరికే ప్రాణం లేదు గనుక ఆసుపత్రి వారు చేర్చుకోలేదు, అది సబబే. ప్రాణం పోయింది దారిలో గనుక ఊరి లెక్కలోకి రాలేదు. ఏప్రిల్ నెల రిపోర్టు నింపేటప్పుడు మాతృమరణాలు అన్న గడి దగ్గర ఆగాను. పైవారిని అడిగితే, "మన పరిధిలో పోలేదుగా, సున్నా వెయ్యండి" అన్నారు. వేశాను. సున్నా వేయటానికి క్షణం పట్టలేదు. జననాల గడిలో ఆ బిడ్డ ఉంది. ఆ బిడ్డకు తల్లి పేరు రాశాను. రెండు గడులూ ఒకే కాగితంలో ఉన్నాయి.

7. మంగమ్మ పోయిన నాలుగో రోజున తమ కార్యాలయం నుండి కార్డు వచ్చింది. "పాఠము 5 జవాబుపత్రము ఇంతవరకు అందలేదు. వెంటనే పంపనిచో తమ పేరు శిక్షణ నుండి తొలగింపబడును." అప్పుడు కవరు విప్పాను.

అందులో ఏముందో తమరికి తెలుసు, తమరే వేయించారు. పొట్ట రుద్దాలని ఉంది. అది చేశాను. మూత్రం నిండి ఉంటే గర్భసంచి ముడుచుకోదు గనుక తల్లిచేత ముందు మూత్రం పోయించాలి, పోయలేకపోతే గొట్టం వేసి తీయాలి అని ఉంది. నేను నీళ్ళు ఇస్తూనే ఉన్నాను, ఆ సంగతి నాకు తట్టలేదు. గొట్టం నా సంచిలోనే ఉంది. బిడ్డను వెంటనే రొమ్ముకు పట్టించాలని ఉంది. బిడ్డ రమణమ్మ చేతిలో ఉంది. తొమ్మిదో పేజీలో గడి కట్టి ఇంకొక మాట ఉంది. రక్తస్రావం ఆపే మెథర్జిన్ ఇంజక్షను ఇకమీదట అత్యవసరంలో ఉపకేంద్రం కార్యకర్తలు తామే ఇవ్వవచ్చునని.

అయ్యా, ఆ ఇంజక్షన్లు రెండు నా బీరువాలో ఉన్నాయి. ఫిబ్రవరి సరుకులో వచ్చాయి. డాక్టరు గారి ఉత్తర్వు లేనిదే వాడరాదు అని పెట్టెమీద చీటీ ఉంది. అందుకని నేను వాటిని సంచిలో పెట్టుకోలేదు. లారీ కోసం గంటసేపు చూశాం. సాంబయ్యకు గానీ మరొకరికి గానీ తాళంచెవి ఇచ్చి పంపి ఉంటే సైకిలు మీద ముప్పావుగంటలో తెచ్చేవారు. చాలాసార్లు లెక్క వేశాను. ముప్పావుగంటే వస్తుంది.

కవరు మార్చి 19న వచ్చింది. మంగమ్మ ఏప్రిల్ 22న పోయింది. మధ్యలో ముప్పై మూడు రోజులు.

8. జవాబుపత్రంలో నాలుగో ప్రశ్న ఇది: "మీ ప్రాంతములో కాన్పు తరువాత రక్తస్రావము జరిగిన ఒక సంఘటనను వివరించి, మీరు తీసుకొన్న చర్యలను వరుసగా వ్రాయుము."

మే 3న రాయటానికి కూర్చున్నాను. పేరు, వయస్సు, ఎన్నో కాన్పు, తారీఖు అన్నీ నిజమే రాశాను. మాయ పడిందన్నంత వరకు నిజం. ఆ తరువాత పెన్ను తనంతట తాను పోయింది. "తల్లి మూత్రాశయమును ఖాళీ చేయించితిని. బిడ్డను రొమ్ముకు పట్టించితిని. సంచిలో సిద్ధముగా ఉంచుకొన్న మెథర్జిన్ ఇంజక్షనును కండరమునకు ఇచ్చితిని. పది నిమిషములలో గర్భసంచి గట్టిపడినది." ఇంతవరకు మార్కుల కోసమే అనుకోవచ్చు. ఇంకా రాశాను. "మరునాడు ఉదయము తల్లి లేచి కూర్చుని గంజి త్రాగినది. మూడవ నాడు నేను వెళ్ళుసరికి పాక ముందు కూర్చుని తల దువ్వుకొనుచున్నది." ఈ వాక్యాలకు మార్కులు లేవు. ఎవరూ అడగలేదు. ఎందుకు రాశానో నాకు తెలియదు.

మా వారు భానుమూర్తి గారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. పోస్టు చేసే ముందు తప్పులు చూడమని ఆయనకు ఇచ్చాను. చదివి కళ్ళజోడు తీశారు.

"ఇది ఇలా జరగలేదుగా, కాత్యాయనీ?"

"పరీక్ష కదండీ."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "త్రాగినది" దగ్గర ర వత్తు పోయిందని చెప్పి దిద్ది, కాగితాలు మడిచి కవర్లో పెట్టారు.

9. జూలైలో తమ అభినందన లేఖ వచ్చింది. నాకు ప్రథమ స్థానం అనీ, నాలుగవ ప్రశ్నకు నేను రాసిన జవాబును మాదిరి జవాబుగా అచ్చు వేసి అన్ని ఉపకేంద్రాలకు పంపుతారనీ, పంద్రాగస్టు తరువాత జరిగే సభలో ప్రశంసాపత్రం ఇస్తారనీ ఉంది. దిద్దినవారు తల దువ్వుకొనే వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీసి "సజీవముగా ఉన్నది" అని రాసినట్టు కూడా లేఖలో ఉంది.

నెలవారీ మీటింగులో మా డాక్టరు పాండురంగారావు గారు ఆ లేఖ చదివారు. ఆయన జూన్‌లో బదిలీ మీద వచ్చారు, మంగమ్మ సంగతి ఆయనకు తెలియదు. అందరూ చప్పట్లు కొట్టారు. తెలిసినవాళ్ళు కూడా కొట్టారు. మీటింగు అయ్యాక నేను ఆయన గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన మంచివారు. కూర్చోమన్నారు, టీ తెప్పించారు.

"చూడండి కాత్యాయని గారూ. ఇంజక్షన్ ఇచ్చినా బతికేదని ఎవరు చెప్పగలరు? అసలే రక్తం లేని మనిషి."

"చెప్పలేమండీ."

"మీరు రాసిన దాంట్లో వైద్యం తప్పుందా? లేదు. అన్నీ సరిగ్గా వరసలో ఉన్నాయి. అది చదివి ఇంకో ఊళ్ళో ఇంకో తల్లి బతికితే మంచిదేగా? వదిలెయ్యండి. మీ ఉద్యోగానికి కూడా మంచిది కాదు."

నేను సరేనని లేచి వచ్చాను. ఆయన చెప్పినదాని గురించి రెండు వారాలు ఆలోచించాను. ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. నా జవాబులో ఒక్క తప్పు కూడా లేదు. అదే ఇబ్బంది. అందులో నర్సు పాఠం చదివింది, మందు సంచిలో పెట్టుకొంది, ఆమెకు అన్నీ వేళకి తట్టాయి. దాన్ని చదివినవారు అన్నీ ఇలా వరసలో జరుగుతాయి కాబోలు అనుకొని, ఆ కాగితాన్ని బల్లమీద పెట్టి, ఊళ్ళోకి వెళ్ళిపోతారు. నాకు తెలుసు. నేనైనా అంతే చేసేదాన్ని.

నాకు ఏడుపు రావటం లేదని కూడా మనవి చేస్తున్నాను. ఏప్రిల్ నుండి రాలేదు. పని చేస్తున్నాను. ఆ తరువాత పద్నాలుగు పురుళ్ళు పోశాను, అందరూ క్షేమం. ఇంజక్షన్లు సంచిలోనే ఉంటున్నాయి. అన్నం తింటున్నాను. అన్నీ దూరం నుంచి జరుగుతున్నట్టుగా ఉంటాయి. ఇది తమకు అనవసరమని తెలుసు. కొట్టివేద్దామనుకున్నాను గానీ మళ్ళీ మొదటినుంచి రాయలేక ఉంచేశాను.

10. కావున నా ప్రార్థనలు:

(అ) ఐదవ పాఠం నాలుగవ ప్రశ్నకు నేను వ్రాసిన జవాబు అబద్ధమైనందున అచ్చు వేయవద్దు. ప్రథమ స్థానం, ప్రశంసాపత్రం తరువాతి వారికి ఇవ్వవలెను.

(ఆ) మాదిరి జవాబు కావలెనన్నచో, ఈ అర్జీలోని 2వ అంశం నుండి 7వ అంశం వరకు ఉన్నది ఉన్నట్లుగా వేసుకొనవచ్చును. నా పేరు తీసివేయనక్కరలేదు.

(ఇ) ఏప్రిల్ నెల రిపోర్టులో సున్నా కొట్టివేసి ఒకటి వేయుటకు నాకు అనుమతి ఇప్పించవలెను.

(ఈ) ఇకమీదట ఏ పాఠంలోనైనా మందు వాడుటకు కొత్త అనుమతి ఉన్నచో, దానిని లోపల తొమ్మిదో పేజీలో గాక కవరుపైననే పెద్ద అక్షరములతో అచ్చు వేయించవలెను. నా వంటివారు అన్నిచోట్ల ఉందురు.

(ఉ) నాపై తీసుకొనదలచిన చర్య ఏదైనను నాకు సమ్మతమే. మిగిలిన పాఠములు మాత్రము పంపుట మానవద్దని కోరుచున్నాను. పదవ పాఠము నిన్ననే అందినది. అందిన పూటనే విప్పి చదివినాను.

పైన వ్రాసినదంతయు నిజమని నమ్మి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
కె. కాత్యాయని, ఎ.ఎన్.ఎం.,
రేగుమానుపాడు ఉపకేంద్రం.

తా.క. 13-8-87. రెండు రోజుల క్రితమే పోస్టు చేయవలసినది ఆపాను. మనిషి పేరు పెట్టి రాశాను గనుక ఆ మనిషి ఇంటివారికి చదివి వినిపించకుండా పంపటం సబబు కాదనిపించింది. నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఇప్పుడు వాళ్ళు ఊళ్ళోనే ఉంటున్నారు. సాంబయ్య ఊడ్పుల నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. బిడ్డకు నాలుగో నెల దాటుతోంది, రమణమ్మ ఒళ్ళో ఉంది.

అరుగుమీద కూర్చుని మొదటినుంచి చదివాను. ఇంజక్షన్ల దగ్గరకు వచ్చేసరికి రమణమ్మ నన్ను ఆపింది.

"బీరువాలో ఉందా మందు?"

"ఉంది."

"మందు బీరువాలో పెట్టుకుని, నా కోడలి పొట్ట రుద్దతా కూచున్నావా?"

ఈ తొమ్మిదేళ్ళలో ఆమె నన్ను నువ్వు అనటం అదే మొదటిసారి. నేను కూచున్నాననే చెప్పాను. ఆమె బిడ్డను భుజాన వేసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

సాంబయ్య మిగతాది కూడా చదవమన్నాడు. చదివాను. లారీ సంగతి ఇందులో ముందే వచ్చింది గనుక అప్పటికే విన్నాడు. అంతా అయ్యాక, "లారీలోనే తెల్సిందండీ నాకు. పాదాలు నా చేతిలోనే ఉన్నాయిగా. మీరు చెప్పలేదని నేనూ ఊరుకున్నా" అన్నాడు.

నేను లేచాను. రోడ్డు దాకా నాతో వచ్చాడు. అక్కడ నిలబడి అడిగాడు.

"ఆ రెండో కాయితం, అదే, బతికిందని రాసింది. అదెక్కడుందండీ?"

"ఆఫీసులో ఉంది. రద్దు చెయ్యమని రాశాను."

"చించేస్తారా?"

"చించేస్తారేమో."

"తల దువ్వుకుంటందని రాశారు చూడండి, అది ఇంకోసారి చెప్పండి."

నాకు కంఠతా వచ్చు. చెప్పాను.

"అది నాకిప్పించండి" అన్నాడు.

అది అబద్ధమని చెప్పాను. తెల్సండీ అన్నాడు. అయినా ఇప్పించమన్నాడు.

కావున అయ్యా, సదరు జవాబుపత్రమును రద్దుపరచిన మీదట చించివేయక, రేగుమానుపాడు గ్రామ కాపురస్తుడైన సాంబయ్య పేర పోస్టులో పంపించవలెనని కోరుచున్నాను. అతనికి చదువు రాదు. రమ్మన్నప్పుడల్లా నేను వెళ్ళి చదువుతాను, రమణమ్మ అరుగెక్కనిస్తే.